‘స్కాబ్’ అనే మాట ఎదురైతే తెలుగులోకి ఎలా తేవాలి?

ఇంగ్లిషులో నాలుగు అక్షరాల చిన్న మాట ‘స్కాబ్’. ఆటలో పడి మోకాలు గీరుకున్న పిల్లవాడి గాయం మీద ఎండిన పొరను అలాగే అంటారు. గొర్రెల మందను పట్టే జబ్బుకూ, ఆపిల్ కాయ మీద లేచే గరుకు మచ్చకూ అదే పేరు. తోటివారంతా సమ్మెలో ఉండగా గేటు దాటి పనిలోకి వెళ్లిన మనిషినీ అదే మాటతో తిడతారు. అనువాదకులకు, పత్రికల డెస్కుల్లో పనిచేసేవారికి, కార్మిక చరిత్ర చదివే విద్యార్థులకు ఈ మాట తరచు తగులుతుంది. నిఘంటువులో మొదట కనిపించే అర్థాన్ని పట్టుకుని ముందుకు వెళితే వాక్యం మొత్తం తలకిందులవుతుంది.

నాకు ఈ సంగతి తెలిసింది బ్రిటన్ బొగ్గు గనుల సమ్మె గురించిన ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నప్పుడు. ఒక ఇటుకల ఇల్లు, తలుపు పక్క గోడ మీద రాత్రికి రాత్రి ఎవరో రంగుతో రాసిపోయిన ఆ నాలుగు అక్షరాలు, తెల్లవారి వాటిని బ్రష్షుతో రుద్దుతున్న ఆ ఇంటి ఇల్లాలు. రంగు పోవడం లేదు. నేను ‘గోడ మీద గజ్జి అని రాశారు’ అని రాసేశాను. కొత్తగూడెం వైపు గనుల్లో పనిచేసి రిటైరైన మా బాబాయి ఆ కాగితం చదివి, “ఆ ఇంట్లోవాళ్లకు ఒంట్లో బాగాలేదా?” అని అడిగాడు. నేను విషయం చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, “మా దగ్గరైతే ‘సమ్మె ద్రోహి’ అని రాసేవారురా. ఆ మాట పడ్డవాడి పిల్లలతో మా పిల్లలు ఆడుకునేవారు కారు” అన్నాడు. నేను రాసిన మాటలో లేనిది, ఉండవలసింది ఆ బరువే. అప్పటినుంచి ఈ మాట ఎక్కడ కనిపించినా కింద చెప్పిన వరసలో చూసుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి.

ముందు, అది దేని మీద ఉందో చూడండి

వాక్యంలో ‘స్కాబ్’ చుట్టూ ఉన్న నామవాచకాలను వెతకండి. చర్మం, పుండు, టీకా, పొక్కు వంటివి ఉంటే అది వైద్యం. ఉన్ని, మంద, మందు నీటిలో ముంచడం ఉంటే గొర్రెలు. ఆకు, కాయ, దుంప, వెన్ను ఉంటే పంట. గేటు, యూనియన్, పికెటింగ్, షిఫ్టు ఉంటే మనిషి. పది సందర్భాల్లో తొమ్మిదింటికి ఇది చాలు.

పదోది ఎలా ఉంటుందో చెబుతాను. దక్షిణాఫ్రికా చరిత్ర చదువుతుంటే, 1894లో అక్కడి బ్రిటిష్ వలస రాజ్యం కేప్ కాలనీ చేసిన ‘స్కాబ్ చట్టం’ ఎదురవుతుంది. దాని మీద రైతుల ఆగ్రహం, రాజకీయ చీలికలు, సభలు, నిరసనలు అన్నీ ఉంటాయి. చట్టం, నిరసన అన్న మాటలు చూసి అది సమ్మెలకు సంబంధించినదని అనుకుంటే పొరపాటే. అది గొర్రెల గజ్జి చట్టం. జబ్బు పట్టిన మందలకు తప్పనిసరిగా మందు వేయించాలని ప్రభుత్వం ఒత్తిడి చేస్తే, అది తమకు మోయలేని భారమని చాలామంది రైతులు తిరగబడ్డారు. కాబట్టి పక్క మాటలు చూశాక ఊరునూ సంవత్సరాన్నీ కూడా చూడండి.

చర్మం సంగతైతే: ‘పక్కు’ వేరు, ‘గజ్జి’ వేరు

గాయం మీద రక్తం గడ్డకట్టి, ఎండి, గట్టి పొర అవుతుంది. దానికి మన మాట ‘పక్కు’. పుండు పక్కు కట్టింది, పక్కు ఊడింది అంటాం. ఇంగ్లిషు స్కాబ్‌కు ఇది అచ్చంగా సరిపోయే మాట. కొత్తగా రాసేవారు దీన్ని మరిచిపోయి ‘గాయంపై ఏర్పడే పొర’ అని చాంతాడంత రాస్తున్నారు. మంచి మాట చేతిలో ఉండగా ఆ అవసరం లేదు.

‘గజ్జి’ వేరే జబ్బు. ఇంగ్లిషులో దాని పేరు స్కేబీస్. అర మిల్లీమీటరు కూడా లేని పురుగు చర్మంలో సొరంగం చేసుకుని గుడ్లు పెడితే వచ్చేది అది. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అందుకే ఒకరికి వస్తే ఇంట్లో అందరికీ ఒకేసారి మందు రాయమంటారు. రెండు మాటలూ ‘గోకడం’ అనే అర్థమున్న ఒకే పాత మూలానికి చెందినవి. వినడానికీ దగ్గరగా ఉంటాయి కనుక తొందరలో ఒకదాని చోట ఇంకొకటి పడుతుంది. గజ్జి బాగా ముదిరి చర్మం మందపు పక్కులు కట్టే రకం కూడా ఒకటి ఉంది. అక్కడ ‘పక్కులు కట్టే గజ్జి’ అని రెండు మాటలూ వాడాల్సిందే.

ఈ తేడా ఎందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానంటే, ఆరోగ్య సలహాల్లో ఒక్క క్రియ మారినా మనిషి ప్రవర్తన మారుతుంది. ఆటలమ్మ పోసిన పిల్లవాడు పొక్కులన్నీ పక్కు కట్టేదాకా బడికి వెళ్లకూడదు. ఎంపాక్స్ (మంకీపాక్స్) సోకినవారు పక్కులన్నీ రాలిపోయి, కింద కొత్త చర్మం వచ్చేదాకా విడిగా ఉండాలి. ఒకచోట పక్కు కట్టడం హద్దు, ఇంకొకచోట పక్కు రాలడం హద్దు. ‘పొక్కులు తగ్గేవరకు’ అని రెండింటినీ ఒకేలా రాస్తే, చదివిన తల్లి ఏ రోజున పిల్లవాడిని బయటికి పంపాలో తేల్చుకోలేదు. పక్కు అన్న మాటను దాని క్రియతో సహా రాయండి.

జంతువులైతే: గజ్జి, చిడుము

గొర్రెల విషయంలో మాత్రం స్కాబ్ అంటే గజ్జే. చిడుము అన్నా తప్పులేదు. ఇది కూడా పురుగు వల్ల వచ్చేదే కానీ, మనిషికి గజ్జి తెచ్చే పురుగులా చర్మంలోకి తొలుచుకు వెళ్లదు. పైనే ఉండి కొరుకుతుంది. గొర్రె కంచెకూ రాయికీ ఒళ్లు రుద్దుకుంటుంది, ఉన్ని కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది, చర్మం పక్కు కడుతుంది. బ్రిటన్ దీన్ని 1952లో పూర్తిగా నిర్మూలించింది, 1973లో అది మళ్లీ వచ్చింది. ఉన్ని మీద బతికే దేశాల సాహిత్యంలో ఈ జబ్బు మాటిమాటికీ వస్తుంది.

ఇక్కడే ఇంగ్లిషువాళ్ల సామెత ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒక్క గజ్జి గొర్రె మంద మొత్తాన్ని పాడుచేస్తుందని వాళ్లంటారు. ‘తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు’ అని మనం అంటాం. మామూలు సందర్భంలో మన సామెత హాయిగా సరిపోతుంది. కానీ ఆ వ్యాసం సమ్మె గురించి అయితే కోతిని తేకండి. జబ్బు నుంచి తిట్టు పుట్టిన దారి గొర్రెలోనే ఉంది. దాన్ని తీసేస్తే ఆ దారి కనిపించదు.

పంట అయితే: ‘గజ్జి తెగులు’ అని రాసేముందు ఆగండి

నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు ఇదే. ఎందుకంటే చదివేవాడు రైతు. మనకు ‘గజ్జి తెగులు’ అనే పేరు ఇప్పటికే ఉంది. నిమ్మ తోటలున్నవారెవరిని అడిగినా చెబుతారు. అయితే అది ఇంగ్లిషులో స్కాబ్ కాదు, కాంకర్. బాక్టీరియా వల్ల వస్తుంది. నిమ్మ జాతికి స్కాబ్ అనే తెగులు వేరుగా ఉంది, అది శిలీంధ్రం వల్ల వస్తుంది. విదేశీ వ్యవసాయ పత్రంలో నిమ్మ జాతి స్కాబ్ గురించి చదివి, దాన్ని గజ్జి తెగులు అని తెలుగు చేస్తే, ఒక తెగులుకు చెప్పిన సలహా ఇంకో తెగులున్న తోటకు చేరుతుంది.

ఒక ఆకు కోసి చేతిలో పట్టుకుని చూడండి. గజ్జి తెగులు మచ్చ బెరడులా గరుకుగా ఉబికి, చుట్టూ పసుపు వలయంతో ఉంటుంది. ఆకు తిప్పితే అదే చోట వెనక వైపూ కనిపిస్తుంది. స్కాబ్ అయితే సాధారణంగా ఒక వైపు పులిపిరిలా లేచి, రెండో వైపు గుంట పడి, లేత ఆకు వంకర తిరుగుతుంది. అనువాదకుడు వ్యవసాయాధికారి కానక్కరలేదు కానీ ఆ ఆకును ఒకసారి తిప్పి చూసిన మనిషి అయితే ఈ తప్పు చేయడు.

మరి స్కాబ్‌కు ఏమని రాయాలి? నా సలహా, ‘స్కాబ్ తెగులు’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘కాయ మీద గరుకు మచ్చలు తెచ్చే శిలీంధ్ర తెగులు’ అని ఒక్క ముక్క విప్పండి. ఆపిల్ తోటల వార్తలకు ఇది బాగా పనికొస్తుంది. 1973లో కశ్మీర్ లోయనూ, ఆ తర్వాత పదేళ్లకు హిమాచల్ తోటలనూ దెబ్బతీసింది ఇదే. బంగాళాదుంప స్కాబ్ దగ్గర మాత్రం ‘శిలీంధ్ర’ అన్న మాట తీసేయాలి. సాధారణంగా కనిపించే రకానికి మూలం నేలలోని బాక్టీరియా. తొక్క బెరడు కట్టినట్టు అవుతుంది. గోధుమలో స్కాబ్ అంటే మచ్చ కూడా కాదు, వెన్ను పాలిపోయి గింజ ముడుచుకుపోయే శిలీంధ్ర తెగులు. ఒకే ఇంగ్లిషు పేరు కింద ఇన్ని వేరువేరు జబ్బులున్నాయి కనుక అన్నిటికీ ఒకే తెలుగు పేరు పెట్టాలనే ఆశ వదులుకోండి.

వడ్రంగంలో, పోతపోసే ఫౌండ్రీల్లో కూడా ఈ మాట ఉంది. ఒకచోట అతుకు మీద వేసే చెక్క పట్టీ, ఇంకొకచోట పోతలో ఇసుక రేగి పడే లోపం. ఇవి అరుదు.

మనిషి అయితే: ఆ మాట ఎవరి నోట వచ్చిందో చూడండి

ఇంగ్లిషులో ఇది పదహారో శతాబ్దం చివరికే నీచుడు అనే తిట్టు అయింది. ఒంటి మీద గజ్జి ఉన్నవాడంటే అసహ్యం, అంటుకుంటుందన్న భయం. మనం ‘గజ్జి కుక్క’ అని తిట్టినట్టే. ఆ తిట్టు కార్మికుల నోట ప్రత్యేకమైన అర్థం సంతరించుకున్నట్టు 1777 నాటికే కనిపిస్తుంది. బ్రిస్టల్ నగరంలో చెప్పులు కుట్టే పనివారి వివాదంలో, తోటివారితో కలిసి రానివారిని అలా అన్నారు. 1806లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కూలి పెంచమని జట్టుకట్టిన చెప్పులు కుట్టే పనివారి మీద కుట్ర కేసు నడిచింది. ఆ విచారణలో కూడా ఈ మాట సాక్ష్యాల్లోకి వచ్చింది. కోర్టు వారిని దోషులని తేల్చి, తలా ఎనిమిది డాలర్ల జరిమానా వేసింది.

కాబట్టి ‘సమ్మె విచ్ఛిన్నకారుడు’ అని రాస్తే అర్థం వస్తుంది, తిట్టు పోతుంది. నిఘంటువులకు అది చాలు. సమ్మెలో ఉన్నవాడి నోట వచ్చినప్పుడు చాలదు. నేను చేసే పద్ధతి ఇది. కార్మికుడు అరిస్తే ‘సమ్మె ద్రోహి’. నినాదమైతే ‘కార్మిక ద్రోహులారా’. యాజమాన్యం డబ్బుకు లొంగాడన్న ఆరోపణ కూడా కలిసి ఉంటే ‘తొత్తు’. ఇవి మన గేటు మీటింగుల్లో, కరపత్రాల్లో పుట్టి పెరిగిన మాటలు. వాటికి వేడి ఉంది.

అదే మాటను మీరు విలేఖరిగా సొంత గొంతుతో రాయకండి. ‘ద్రోహి’ అనడం తీర్పు చెప్పడం. వార్తలో ‘సమ్మెలో పాల్గొనని కార్మికులు’, ‘విధులకు హాజరైనవారు’ అని రాసి, తిట్టును అన్నవారి పేరున, కొటేషన్ లోపల ఉంచండి. 1984 మార్చిలో మొదలై 1985 మార్చి 3న ముగిసిన బ్రిటన్ గనుల సమ్మె ఇందుకు గట్టి ఉదాహరణ. గనులు మూస్తే బతుకుతెరువు పోతుందని ఏడాది పాటు పస్తులకు ఓర్చుకున్నవారి దృష్టిలో, నాటింగ్‌హామ్‌షైర్ గనుల్లో పనికి వెళ్లినవారు ద్రోహులు. వెళ్లినవారేమో, సమ్మెకు దేశవ్యాప్తంగా ఓటింగ్ పెట్టలేదు కదా అన్నారు. 1985లో విడిగా యూనియన్ పెట్టుకున్నారు. నా సానుభూతి పస్తులున్నవారి వైపే, దాచుకోను. అయినా ఆ రెండో మాట వినిపించకుండా అనువాదం చేసే హక్కు నాకు లేదు.

మన దేశంలో ఇదే మనిషికి అవతలి పక్షం పెట్టే పేరు కూడా ఉంది. 1974 మే 8న మొదలై దాదాపు 20 రోజులు సాగిన రైల్వే సమ్మెలో, పనిలో ఉన్నవారిని ప్రభుత్వం ‘విధేయులు’ అంది. యూనియన్‌కు ద్రోహి, ప్రభుత్వానికి విధేయుడు, మనిషి ఒక్కడే. మీ ముందున్న ఇంగ్లిషు పత్రంలో ఏ పేరు ఉందో చూస్తే రాసినవాడు ఏ పక్షమో తెలుస్తుంది. అనువాదంలో ఆ పక్షం చెరిగిపోకూడదు.

తర్వాత, లోపలివాడా బయటివాడా తేల్చండి

ఇంగ్లిషులో స్కాబ్ ఇద్దరికీ చెల్లుతుంది. సమ్మెకు పిలుపిచ్చిన జట్టులోనే ఉండి పనికి వెళ్లిన సహోద్యోగి ఒకడు. వారి చోట పని చేయడానికి బయటి నుంచి తెచ్చిన కొత్తవాడు ఇంకొకడు. తెలుగులో ‘ద్రోహి’ మొదటివాడికే అతుకుతుంది. ఎవరికీ మాట ఇవ్వని మనిషి ద్రోహం ఎలా చేస్తాడు? 2019 అక్టోబరు 5 నుంచి తెలంగాణ ఆర్టీసీ కార్మికులు దాదాపు 48 వేల మంది 50 రోజులకు పైగా సమ్మె చేసినప్పుడు, రోజు కూలి మీద బస్సులు నడపడానికి వచ్చినవారిని మన పత్రికలు ‘తాత్కాలిక డ్రైవర్లు, కండక్టర్లు’ అన్నాయి. అది సరైన మాట. బయటివారికి ‘తాత్కాలిక సిబ్బంది’, ‘సమ్మె కాలంలో తెచ్చిన కూలీలు’ అనండి. తిట్టుగానే వాడారనిపిస్తే ‘సమ్మెను దెబ్బకొట్టడానికి తెచ్చిన మనుషులు’ అనండి, చాలు.

చట్టం గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఐదో షెడ్యూలు, చట్టవిరుద్ధం కాని సమ్మె సాగుతుండగా కొత్త కార్మికులను చేర్చుకోవడాన్ని యాజమాన్యం చేసే అనుచిత చర్యల్లో ఒకటిగా చెప్పింది. అక్కడ తప్పు యాజమాన్యానిది. పని దొరికిందని వచ్చిన కూలీని ఆ చట్టం నేరస్థుడిని చేయలేదు. మీ వాక్యం కూడా చేయకూడదు.

‘బ్లాక్‌లెగ్’ ఎదురైతే

స్కాబ్‌కు తోడబుట్టినట్టు ఉండే మాట ఇది. ఇదీ జబ్బే, ఇదీ సమ్మె ద్రోహే. పద్దెనిమిదో శతాబ్దంలో గుర్రప్పందేల దగ్గర మోసం చేసేవారిని ఇలా అనేవారు, తర్వాతి శతాబ్దంలో సమ్మెలోకి వచ్చింది. దీన్ని ‘నల్లకాలు’ అని మాటకు మాట దించకండి, తెలుగులో దానికి అర్థం లేదు. తమిళంలో ‘కరుంగాలి’, మలయాళంలో ‘కరింకాలి’ అని ఇదే అర్థంలో వాడతారు. తమిళంలో అది నల్లచేవ ఉన్న ఒక చెట్టు పేరు కూడా. చెన్నైలో పెరిగిన తెలుగువారు దాన్ని వెంటనే గుర్తుపడతారు. మనకు ‘సమ్మె ద్రోహి’ ఉంది.

పశువుల విషయంలో బ్లాక్‌లెగ్ అంటే జబ్బవాపు. మన పశువైద్యులు బ్లాక్ క్వార్టర్ అనేది కూడా దీన్నే. వయసులో ఉన్న, పుష్టిగా ఉన్న దూడ ఉన్నట్టుండి కుంటుతుంది, జ్వరం వస్తుంది, తొడ భాగమో జబ్బో వాస్తుంది. వాపును వేళ్లతో నొక్కితే లోపల గాలి బుడగలు చిటచిటమంటాయి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. తొలకరికి ముందే టీకా వేయించమని చెప్పేది దీని గురించే. పాడి రైతుకు ‘జబ్బవాపు’ అన్న ఒక్క మాట చాలు, ఇంకే అనువాదమూ అక్కరలేదు.

చివరికి, రాసింది పైకి చదవండి

ఆ లోకం తెలిసిన ఒకరికి వినిపించండి. పంటైతే రైతుకు, జబ్బైతే నర్సుకు, సమ్మె అయితే ఎప్పుడైనా సమ్మె చేసిన మనిషికి. ఒకే మాట మూడు వాక్యాల్లో ఎలా మారిందో చూడండి.

‘పక్కు గిల్లకు, మచ్చ పడుతుంది’ అని తల్లి పిల్లవాడిని మందలించింది. ‘మందలో ఒక గొర్రెకు గజ్జి కనిపించినా అన్నిటికీ మందు వేయించాలి’ అని పశువైద్యుడు చెప్పాడు. ఇక ఆ ఇటుకల ఇంటి వాక్యాన్ని బాబాయి మాట విన్నాక నేను ఇలా మార్చాను: ‘తెల్లవారేసరికి తలుపు పక్కన గోడ మీద సమ్మె ద్రోహి అని రాసి ఉంది. ఆమె బకెట్టు తెచ్చుకుని, ఎవరి వైపూ చూడకుండా, రుద్దడం మొదలుపెట్టింది.’